మొదటి వరుస ఖాళీ

మే నెల. చాదర్‌ఘాట్ కమ్యూనిటీ హాలు.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం లేదు.
మూసీలో నీళ్లకన్నా వాసనే ఎక్కువ పారుతోంది.
ఇప్పుడెందుకు సార్ ఇదంతా, అంటాడు చాయ్ తెచ్చిన పిలగాడు,
వానలు రానీయరాదూ.

వాన వచ్చాక పేర్లు రాసుకోలేం నాయనా,
కాగితం నిలవదు.

నా ముందు పొడుగాటి రిజిస్టరు.
పేరు. చదువు. కౌన్సిల్ నంబరు. బ్లడ్ గ్రూపు.
ఏ టీకాలు వేయించుకున్నారు.
రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తుతారా.
ఆ చివరి గడి నేనే గీశాను, స్కేలు పెట్టి.

సబీహా తరన్నుమ్, ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సు,
రిటైరై మనవళ్లకు పాలు కలుపుతోంది.
"చీకట్లో అయినా నరం దొరుకుతుంది బేటా ఈ వేళ్లకి"
అంటూ నా మణికట్టే పట్టుకుంది,
గోడ గడియారం వంక చూస్తూ లెక్కపెట్టి
చాయ్‌లు తగ్గించమంది.

డయాలసిస్ టెక్నీషియన్ బాలపీరు
హెల్మెట్ తీయకుండానే సంతకం చేశాడు, డ్యూటీకి ఆలస్యమట.
స్ట్రెచర్ మోయగలవా అని ఎస్తేరును అడిగితే
మిమ్మల్ని మోసి చూపించనా, అంది.
మందుల షాపు కనకరత్నం నంబరుతో పాటు ఒక వాక్యం రాశాడు:
డూప్లికేట్ తాళం ఎదురుంగ టైలర్ దగ్గరుంటది,
అద్దాలు పగలగొట్టకుండ్రి.

ఆయా మల్కమ్మ చదువు గడి దగ్గర ఆగింది.
"ఏం లేదని రాయి సారూ."
మరి ఏం వచ్చు?
"కాళ్లు పట్టుకుంటే తెలుస్తది, ఉన్నరా పోయిన్రా అని.
ఏడ్సే పిల్లను ఎవరి చేతికియ్యాల్నో తెలుస్తది."
దానికి గడి లేదు.
మార్జిన్‌లో అడ్డంగా రాసుకున్నాను,
అక్షరాలు పక్క పేజీలోకి పోయాయి.

మొదటి వరుస వదిలేశావేంటని అందరూ అడుగుతారు.
పెన్ను రాయలేదంటాను.

ఆ అక్టోబరు రాత్రి
ఫంక్షన్ హాల్లో క్యాంపు. గేటు దగ్గర నేను.
మోకాలి లోతులో ఒకామె,
నైటీ మీద చున్నీ, చేతిలో చెప్పులు.
నర్సునండీ, లోపలికి పోనీయండి, అంది.
కార్డు? అన్నాను.
కార్డు, కార్డున్న బీరువా, బీరువా ఉన్న ఇల్లు,
అన్నిటికీ కలిపి
నది వైపు ఒక్కసారి చెయ్యి చూపించింది.

ఎవరెవరో వస్తున్నారమ్మా, అన్నాను.
మందులెత్తుకుపోయే వాళ్లుంటారు,
పిల్లల్నెత్తుకుపోయే వాళ్లూ.
నేనన్నది తప్పు కాదు.
ఇప్పటికీ అదే చెప్పుకుంటాను, తప్పు కాదని.

లోపల పెళ్లివాళ్ల ఎర్ర వెల్వెట్ కుర్చీలో
ఒకాయనకు చెమటలు పడుతున్నాయి.
వంటగదిలో బస్తాడు చక్కెర.
ఆ చెమట చక్కెర అడుగుతోందని
చుట్టూ నిలబడ్డ ఇరవై మందిలో ఒక్కరికీ తెలియలేదు.
తెల్లారాక ఆ కుర్చీని నలుగురు మోసుకొచ్చి
ఎండలో పెట్టారు.

ఆమె అప్పటికే ఎటో నడిచిపోయింది.
కార్డు అడిగాను గాని
పేరు అడగలేదు నేను.

ఇప్పటికి నలభై మూడు పేర్లు.
నంబర్లన్నీ కౌన్సిల్‌తో సరిచూసి,
ఫొటో అంటించిన కార్డులు చేయించి,
ఇంట్లో కాదు, ఒంటి మీద ఉంచుకోండని
ఒక్కొక్కరికీ విసుగొచ్చేదాకా చెప్పాను.
మల్కమ్మ కార్డు మీద చదువు చోట
ఏం వేయాలని ప్రింటింగ్ వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు.
అనుభవం, అన్నాను.

నిన్న శనివారం, రాత్రి రెండింటికి
అందరికీ ఒకే మాట పంపాను: ఉన్నారా?
ఒక టిక్కు. రెండు టిక్కులు.
నీలం.
సబీహా: నమాజుకి లేచేదాన్నే, ఇంత ముందా?
బాలపీరు బొటనవేలు.
కనకరత్నం పలకలేదు; రెండోసారి, మూడోసారి, పలకలేదు.
పేరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టాను.

మల్కమ్మది బటన్ల ఫోను. కాల్ చేశాను.
ఎందుకని అడగలేదు.
"యాడికి రావాలె సారూ?"

ఉత్త పరీక్షేనమ్మా, పడుకో అన్నాను.
అప్పటికే అటువైపు
చెప్పులేసుకుంటున్న చప్పుడు.